టెక్ సందేహాలు: ఎనభై పనుల్లో ఒక్కటే కనిపించాలంటే?

ప్రశ్న: నా గూగుల్ టాస్క్స్‌లో ఎనభైకి పైగా పనులు పేరుకున్నాయి. యాప్ తెరవగానే అన్నీ ఒకేసారి కనబడి టెన్షన్ వస్తోంది, ఏదీ మొదలుపెట్టకుండానే మూసేస్తున్నాను. ఒక్క పనే కనిపించి, అది పూర్తయ్యాకే తర్వాతది వచ్చేలా స్క్రిప్ట్ రాసుకోవచ్చా? కోడింగ్ కొంచెం వచ్చు.

జవాబు: రాసుకోవచ్చు. ఒక పని చూద్దామని వెళ్తే డొంకంతా కదలడం ఈ యాప్‌లన్నింటితో ఉన్న బాధే. అయితే ముందు ఒక హెచ్చరిక. నేను మొదట ఇలాంటిది రాసినప్పుడు గడువుకు ఇన్ని మార్కులు, ప్రాధాన్యానికి ఇన్ని మార్కులు అంటూ పెద్ద లెక్క కట్టాను. ఆ మార్కులు సరిదిద్దడంలోనే రెండు వారాలు గడిచాయి, పనులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. కాబట్టి ఏ పని ముందో తేల్చే బాధ్యత స్క్రిప్ట్‌కు అప్పగించకండి. వరుస మీరే పెట్టుకోండి, మిగతావాటిని దాచిపెట్టడం దాని పని.

గూగుల్ టాస్క్స్‌లో రెండు జాబితాలు చేయండి. ఒకటి ‘గోదాము’, రెండోది ‘ఇప్పుడు’. పనులన్నీ గోదాములో, మీకు కావలసిన వరుసలో ఉంటాయి. స్క్రిప్ట్ చేసేది ఇంతే: ‘ఇప్పుడు’లో పూర్తికాని పని ఉంటే ఏమీ చేయకుండా ఆగిపోవాలి. ఖాళీగా ఉంటే గోదాములో పైనున్న పనిని అక్కడికి జరపాలి. ఫోన్ హోమ్ స్క్రీన్ మీద ‘ఇప్పుడు’ జాబితా విడ్జెట్ పెట్టుకుంటే గోదాము మీ కంట పడదు.

దీన్ని గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌లో రాయండి. అది గూగుల్ సర్వర్ల మీద నడుస్తుంది కాబట్టి మీ కంప్యూటర్ ఆపేసి ఉన్నా ఇబ్బంది లేదు. ఎడిటర్‌లో ఎడమవైపు సర్వీసెస్ పక్కనున్న ప్లస్ నొక్కి టాస్క్స్ ఏపీఐని (స్క్రిప్ట్ మీ పనుల జాబితాలతో మాట్లాడే దారి) జోడించాలి. ఇది మరిచిపోతే మొదటి వరుసలోనే ఎర్రర్ వస్తుంది. కోడ్ పాతిక వరుసలు దాటదు. పై పేరాలో చెప్పిన తర్కాన్ని ఏదైనా ఏఐ చాట్‌బాట్‌కు చెప్పినా రాసిపెడుతుంది. కానీ అది తరచూ తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి, అవి మీరే చూసుకోవాలి.

అడగకపోతే టాస్క్స్ ఏపీఐ ఒకసారికి 20 పనులే ఇస్తుంది, గరిష్ఠం 100. మీకున్నవి ఎనభై కదా, 100 అని స్పష్టంగా అడగండి. వచ్చినవాటిని ‘పొజిషన్’ అనే విలువను బట్టి వరుసలో పెట్టాలి. చూడ్డానికి అంకెలే అయినా అది నిజానికి అక్షరాల వరుస, కాబట్టి సంఖ్యగా మార్చకుండా అలాగే పోల్చాలి. ‘పేరెంట్’ ఉన్నవి ఉపపనులు, వాటిని వదిలేయండి. లేదంటే పెద్ద పని గోదాములోనే ఉండి, అందులోని ముక్క ఒక్కటే ‘ఇప్పుడు’లోకి వచ్చేస్తుంది. ఇక జరపడానికి కొత్తది సృష్టించి పాతది చెరిపేసే కోడ్ ఇస్తే ఒప్పుకోకండి. మధ్యలో నెట్ తెగితే పని రెండుసార్లు ఉంటుంది, లేదా అసలుకే పోతుంది. ‘మూవ్’ ఆదేశానికి గమ్యం జాబితా ఇస్తే ఒక్క అడుగులో అయిపోతుంది.

అయితే మూవ్‌కూ ఒక పరిమితి ఉంది. రోజూ, వారం వారం మళ్లీ వచ్చే పనులను అది ఒక జాబితా నుంచి ఇంకో జాబితాకు జరపలేదు. అలాంటిది గోదాములో పైన కూర్చుందంటే స్క్రిప్ట్ ప్రతిసారీ అక్కడే తన్నుకుని ఆగుతుంది. వాటికి వేరే జాబితా పెట్టండి.

స్క్రిప్ట్‌ను ఇన్ని నిమిషాలకోసారి దానంతటదే నడిపించే ఏర్పాటు పేరు ట్రిగర్. దాని విషయంలో అత్యాశ వద్దు. ఉచిత ఖాతాలో ట్రిగర్లన్నీ కలిపి రోజుకు 90 నిమిషాలే నడవాలి. నిమిషానికోసారి అంటే రోజుకు 1,440 సార్లు, ఒక్కోసారి 4 సెకన్లు పట్టినా 96 నిమిషాలవుతుంది. 5 నిమిషాలకోసారి పెడితే 20 నిమిషాల లోపే సరిపోతుంది. ఒక పనికీ ఇంకోదానికీ మధ్య ఆ కాస్త విరామం మంచిదే అంటాను.

మొదటిసారి నడిపినప్పుడు ‘గూగుల్ ఈ యాప్‌ను ధ్రువీకరించలేదు’ అన్న హెచ్చరిక కనిపించవచ్చు. మీరు చదివి, అర్థం చేసుకున్న మీ సొంత స్క్రిప్ట్ అయితే అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్లొచ్చు. ఎవరో పంపిన స్క్రిప్ట్‌కు మాత్రం ఆ చొరవ చూపకండి.

ఎవరి జవాబు కోసమో ఆగిపోయిన పని ఉంటే? దాన్ని చేత్తోనే ‘ఎదురుచూపు’ అనే జాబితాలోకి పంపండి. ‘ఇప్పుడు’ ఖాళీ అవుతుంది, తర్వాతది వస్తుంది. ఈ తలుపు తెరిచి ఉంచకపోతే మూడో రోజుకే స్క్రిప్ట్‌ను ఆపేస్తారు.

ప్రశ్న: ఐఫోన్ రిమైండర్స్‌లో ఇలాంటిది కుదురుతుందా?

జవాబు: కోడ్ అక్కర్లేదు. షార్ట్‌కట్స్ యాప్‌లో ‘ఫైండ్ రిమైండర్స్’ చర్య తీసుకోండి. పూర్తికానివి మాత్రమే అని ఫిల్టర్ పెట్టి, గడువు తేదీ వరుసలో అమర్చి, లిమిట్ ఆన్ చేసి 1 ఇవ్వండి. కింద ‘షో అలర్ట్’ కలిపితే నొక్కినప్పుడల్లా ఒక్క పనే చెబుతుంది. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుని, రిమైండర్స్ ఐకాన్‌ను అక్కడి నుంచి తీసేయండి.

ప్రశ్న: టాస్క్‌వారియర్ (కమాండ్లు టైప్ చేసి వాడే పనుల జాబితా ప్రోగ్రామ్) వాడతాను. తర్వాత చేయాల్సిన పనులు చూపే ‘నెక్స్ట్’ రిపోర్ట్ తెర నిండా వస్తోంది.

జవాబు: ఆ రిపోర్ట్ ఫిల్టర్‌లో ‘లిమిట్’ విలువ ‘పేజ్’ అని ఉంటుంది. సెట్టింగ్స్ ఫైల్‌లో దాన్ని 1 చేయండి. ఏ పని పైన ఉండాలో తేల్చే అర్జెన్సీ లెక్కలో, మొదలుపెట్టిన పనికి అదనంగా 4 పాయింట్లు కలుస్తాయి గానీ, దగ్గరపడిన గడువుకు 12 వరకూ వస్తాయి. అందుకే చేతిలో ఉన్న పనిని పక్కకు తోసి ఇంకోటి పైకి రావచ్చు. ఆ 4ను 30 చేస్తే పూర్తయ్యేదాకా దాదాపు ఎప్పుడూ అదే పైన ఉంటుంది.