లారీ చేరింది సరే, లోపలిదో?

చిరంజీవి కార్తీక్‌కు,

మావయ్య ఆశీస్సులు. అణు పదార్థాలుండే డ్రమ్ములకు ట్యాగులు తగిలించే పనిలో చేరావని మీ అమ్మ చెప్పింది. మీ షికాగో చలి సంగతి నాకు తెలీదు గానీ, సీళ్లతో రిజిస్టర్లతో ముప్పై ఏళ్లు వేగినవాణ్ని కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నా.

మీ పక్కనే ఉన్న ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల వాళ్లు తమ ట్యాగుకు ఆర్గస్ అని పేరు పెట్టుకున్నారు. ఒంటినిండా కళ్లున్న గ్రీకు కాపలావాడి పేరది. మన ఇంద్రుడికి వేలు విడిచిన చుట్టం అనుకో. డ్రమ్ము మూత బోల్టు వదులైతే పసిగడుతుంది. వేడి, తేమ, కుదుపు, అన్నిటి కబురూ రేడియో సిగ్నల్‌తో పంపుతుంది. మంచి వస్తువే. కానీ ఆ కళ్లన్నీ డ్రమ్ము బయటే ఉన్నాయిరా.

2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక గని నుంచి పెర్త్‌కు సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న గేజ్‌ను, అంటే కొలత పరికరాన్ని, లారీలో పంపారు. దాదాపు 1400 కిలోమీటర్ల దారి. కుదుపులకు గేజ్ బోల్టు ఊడి, ఆ కంతలోంచి సీజియం ఉన్న శనగగింజంత గుళిక రోడ్డు పక్కన జారిపోయింది. లారీ 16న చేరింది. గేజ్ ఉన్న పెట్టె విప్పింది 25న. ఆ తొమ్మిది రోజులూ కాగితాల్లో అంతా సవ్యమే! లారీ ఏ దారిన వచ్చిందో జీపీఎస్ చెప్పింది, గుళిక ఎక్కడ పడిందో అదెలా చెబుతుంది? రేడియేషన్ పసిగట్టే పరికరాలు బిగించిన బండ్లతో వెతికితే ఫిబ్రవరి 1న దొరికింది.

అందుకే స్క్రీన్ మీద 'చేరింది' అని పడగానే సంతకం పెట్టకు. సీలు నంబరు ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు కాగితంలో చూడాలి. తర్వాత రేడియేషన్ కొలిచే సర్వే మీటరు పెట్టి, పంపినచోట రాసిన రీడింగుతో పోల్చు. తేడా వస్తే లారీని కదలనివ్వొద్దు.

డ్రమ్ములు ఇనుపవి కదా, సిగ్నల్‌కు అడ్డొస్తాయి, వెనక వరసలోని ట్యాగు ఒక్కోసారి పలకదు. 'సిగ్నల్ లేదులే' అని వదిలెయ్యకు. ఎన్నిసార్లు పలక్కపోతే మనిషి వెళ్లి చూడాలో ముందే రాసిపెట్టు.

నేను పనిచేసినచోట ఒకసారి రాత్రి తనిఖీకి వెళ్తే, బజర్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు మూడు పొరలు అంటించి ఉంది. ఇదేంట్రా అంటే డ్యూటీ కుర్రాడు, "రోజూ రెండింటికి అరుస్తుంది సార్" అన్నాడు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ అదిరినప్పుడల్లా కుదుపు అలారం మోగుతోందన్నమాట. వాణ్ని తిట్టాను. తీరా చూస్తే అలారం హద్దు మరీ తక్కువకు పెట్టింది నేనే. ఫ్యాన్ బిగించడానికి పది నిమిషాలు పట్టింది, వాడికి సారీ చెప్పడానికి రెండు రోజులు.

ఇంకోటి. ఆ ట్యాగుల బ్యాటరీలు పదేళ్ల దాకా వస్తాయంటారు. వేసిన తేదీ కంప్యూటర్లో ఉంటే చాలదు, డ్రమ్ము మీద కూడా రాయించు. ఆరిపోయిన ట్యాగును అడిగితే తేదీ చెప్పదు. మార్కరు మాత్రం తుడిస్తే పోని రకం తీసుకో.

నీ మావయ్య