బుజ్జీ, ఆ సౌండ్ బార్‌ని అప్పుడే అట్టపెట్టెలో పెట్టకు

బుజ్జీ,

టీవీ కింద పెట్టిన సౌండ్ బార్, అదే ఆ పొడుగాటి స్పీకర్, మూగబోయిందని నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రాత్రి పదకొండింటికి విన్నాను. నువ్వు చెప్పినదానికన్నా వెనకాల అల్లుడుగారు "రేపు షాపుకి తీసుకెళ్ళి ఇచ్చేద్దాం, బోర్డు పోయిందన్నాడుగా" అంటున్నదే నాకు గట్టిగా వినపడింది. ఫోన్‌లో చెబితే సగం వింటారు, మిగతా సగం టీవీ వెనక్కి వంగేసరికి మరిచిపోతారు. అందుకే రాస్తున్నా. ఇది పట్టుకుని టీవీ దగ్గర కూర్చోండి.

బాగుచెయ్యడానికి వచ్చినాయన ఐదు నిమిషాలు చూసి, ఐదొందలు తీసుకుని, బోర్డు పోయిందని చెప్పి వెళ్ళాడన్నావు. మూత విప్పలేదు, మీటర్ పెట్టలేదు, మరి బోర్డు పోయిన సంగతి ఆయనకి కల్లో కనపడిందేమో. రాజమండ్రిలో ముప్పై ఏళ్ళు రేడియోలు, టేప్ రికార్డర్లు, టీవీలు బాగుచేసినవాణ్ణి కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుందిలే. శబ్దం రావట్లేదంటే ఏదో కాలిపోయిందని కాదు, అది దారిలో ఎక్కడో ఆగిందని. ఎక్కడ ఆగిందో పట్టుకోకుండా ఏదీ కొనకూడదు, ఏదీ విప్పకూడదు, ఏదీ వెనక్కి ఇవ్వకూడదు.

మా రోజుల్లో మూగబోయిన ట్రాన్సిస్టర్ వస్తే ముందు చేసే పని ఒకటే. వెనక మూత తీసి, స్క్రూడ్రైవర్ ఇనుప కడ్డీ మీద వేలు ఆనించి, దాని మొనని వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలికి తగిలించేవాళ్ళం. స్పీకర్‌లో గుర్రుమందా, అక్కణ్ణుంచి స్పీకర్ దాకా అంతా బాగున్నట్టే, జబ్బు దానికి ముందెక్కడో ఉన్నట్టు. గుర్రుమనకపోతే జబ్బు ఇటువైపే. ఒక్క తాకుడుతో సగం సెట్టు పక్కకి పోయేది. (కరెంటుతో నడిచే సెట్టు మీద అలా వేలు పెట్టకూడదు, అల్లుడుగారికి చెప్పు, ఆయనకి ఉత్సాహం ఎక్కువ.)

మీకు స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, ఫోన్ చాలు. బార్ రిమోట్‌తో సోర్స్, అంటే శబ్దం ఎక్కణ్ణుంచి తీసుకోవాలో అది, బ్లూటూత్‌కి మార్చి, నీ ఫోన్ కలిపి, ఏదో ఒక పాట పెట్టు. పాట వచ్చిందంటే బార్ లోపల శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్ బాగుంది, స్పీకర్లు బాగున్నాయి, పవర్ బాగుంది, ఆ బోర్డు కథ అక్కడితో కంచికి. ఇక జబ్బు టీవీకీ బార్‌కీ మధ్యలోనే. పాట కూడా రాకపోతే బార్ రిమోట్‌తోనే వాల్యూమ్ పెంచి చూడు, మ్యూట్‌లో ఉందేమో చూడు, అప్పటికీ రాకపోతే చివర్న చెబుతాను ఏం చెయ్యాలో.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఫోన్‌లో పాట విని సంతోషించి, బార్‌ని అలా బ్లూటూత్‌లోనే వదిలేసి, టీవీ శబ్దం రావట్లేదని మళ్ళీ మొదలుపెడతారు. బార్‌కి ఒకసారికి ఒక్క చెవే పనిచేస్తుందనుకో. బ్లూటూత్ చెవి తెరిచి ఉంటే వైరులోంచి వచ్చేది దానికి వినపడదు. అందుకని పరీక్ష అవగానే ఫోన్‌లో బ్లూటూత్ ఆపేసి, బార్ సోర్స్‌ని వైరు ఎక్కడ పెట్టారో దానికి మార్చాలి. ఒక్కో బార్ మీద ఒక్కో పేరుంటుంది, టీవీ అనో, ఆర్క్ అనో, డి.ఇన్ అనో, ఆప్టికల్ అనో. కొన్నిటికి పేరు కూడా కనపడదు, లైటు రంగు మారుతుందంతే, ఏ రంగు దేనికో పెట్టెలో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మీ చిన్నాడి ట్యాబ్ ఇంతకుముందు ఎప్పుడైనా దానికి కలిపారా? కలిపి ఉంటే వాడు పక్కగదిలో బొమ్మలు చూసుకుంటూ కూడా బార్‌ని తనవైపు లాక్కోగలడు, దాన్ని కూడా ఆపు.

ఇప్పుడు వైరు సంగతి. అసలు గొడవంతా ఇక్కడే ఉంటుంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

హెచ్‌డీఎంఐ వైరు మామూలుగా ఒకవైపే నడుస్తుంది, సెట్‌టాప్ బాక్స్ నుంచి టీవీకి బొమ్మా శబ్దమూ రెండూ మోసుకొస్తుంది. బార్ విషయంలో మనకి కావలసింది దానికి తలకిందులు, టీవీలోంచి శబ్దం బయటికి రావాలి. ఆ ఏటికి ఎదురీదడానికే ఏఆర్‌సీ అని ఒక ఏర్పాటు పెట్టారు, అందరూ ఆర్క్ అంటారు. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4తో ఇది మొదలైంది, దాని కొత్త రూపం ఇ-ఆర్క్, అది తర్వాత 2.1తో వచ్చింది. టీవీకి మూడు హెచ్‌డీఎంఐ రంధ్రాలున్నా ఈ ఎదురీత మామూలుగా ఒక్కదాంట్లోనే కుదురుతుంది. ఏది అన్నది టీవీని బట్టి మారుతుంది, ఒకటో నంబరు కావచ్చు, రెండు కావచ్చు, మూడు కావచ్చు, దాని పక్కన ఏఆర్‌సీ అని చిన్న అక్షరాలుంటాయి. మీది గోడకి బిగించిన టీవీ కదా, మెడ విరుచుకోవద్దు, ఫోన్‌ని వెనక్కి పెట్టి ఫ్లాష్ వేసి ఫొటో తీసి, దాన్ని పెద్దది చేసుకుని చదువుకో.

నా అనుమానం చెప్పనా? మీ ఇంట్లో టీవీ బిగించిన రోజు సెట్‌టాప్ బాక్స్ అబ్బాయి చేతికి అందిన రంధ్రంలో తన వైరు గుచ్చి వెళ్ళిపోయి ఉంటాడు, అదే ఆర్క్ రంధ్రం అయి ఉంటుంది. తర్వాత బార్ వచ్చింది, ఖాళీగా ఉన్న ఇంకోదాంట్లో పెట్టారు. అలా అయితే ఎన్నాళ్ళు కూర్చున్నా శబ్దం రాదు. సెట్‌టాప్ బాక్స్‌ని వేరేదానికి మార్చి, ఆర్క్‌లో బార్ పెట్టు. ఆ తర్వాత టీవీ సోర్స్ కూడా మార్చుకోవాలి, లేకపోతే బొమ్మ కూడా పోయిందని నాకు ఇంకో మెసేజ్ వస్తుంది. బార్ వైపు కూడా చూడు, దానికి రెండు హెచ్‌డీఎంఐలు ఉంటే ఇన్ అని ఉన్నదాంట్లో కాదు, అవుట్ అనో ఆర్క్ అనో ఉన్నదాంట్లోనే పెట్టాలి. అవుట్ అంటే బయటికి కదా, శబ్దం లోపలికి కదా రావాలి అని అల్లుడుగారు వాదిస్తారు. వాదించనీ, వైరు మాత్రం అందులోనే పెట్టు.

వైరు సరిగ్గా పెట్టినా టీవీకి చెప్పాలి. సెట్టింగ్స్‌లో సౌండ్‌కి వెళ్ళి సౌండ్ అవుట్‌పుట్ దగ్గర టీవీ స్పీకర్ అని ఉంటే హెచ్‌డీఎంఐ ఆర్క్ అనో ఆడియో సిస్టమ్ అనో ఉన్నది ఎంచుకో. ఇంకోటి కూడా ఆన్‌లో ఉండాలి, టీవీ, బార్ ఒకదాన్నొకటి గుర్తుపట్టే సీఈసీ అనే ఏర్పాటు. దీనికి కంపెనీకో ముద్దుపేరు పెట్టారు, సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్. మీ టీవీ ఏదో నాకు గుర్తులేదు, ఆ పేరు వెతుక్కుని ఆన్ చెయ్యి. నిన్నటిదాకా బాగా వచ్చి, కరెంటు పోయి వచ్చాక ఆగిపోయిందంటే మటుకు వైరు కదపకముందే ఈ రెండూ చూడాలి, టీవీ మళ్ళీ తన సొంత స్పీకర్‌కి వెళ్ళిపోయి ఉండొచ్చు.

అన్నీ సరిగ్గా ఉన్నా మొండికేస్తే మూడింటినీ, టీవీ, బార్, సెట్‌టాప్ బాక్స్, గోడ స్విచ్ దగ్గర ఆపెయ్యి. రిమోట్‌తో ఆపితే అవి కునుకు తీస్తాయంతే, నిద్రపోవు. రెండు మూడు నిమిషాలు ఆగి ముందు టీవీ వేసి, బొమ్మ వచ్చాక బార్ వెయ్యి. నవ్వకు, చాలాసార్లు దీంతోనే సరిపోతుంది.

ఆర్క్ కుదరకపోతే ఆప్టికల్ వైరు ఉంది, సన్నగా నల్లగా, చివర్న చదరంగా ఉంటుంది. అందులో కరెంటు కాదు, వెలుతురు నడుస్తుంది. దీని విషయంలో నా పరువు ఎలా పోయిందో చెబుతాను. మా ఇంట్లో బార్ పెట్టిన రోజు రెండు గంటలు కుస్తీ పట్టాను. టీవీ మెనూ మొత్తం తిరగేశాను, వైరు చెడిపోయిందని తిట్టుకున్నాను, మీ అత్తయ్య కాఫీ తెచ్చి "దానికి ఆ తొడుగు ఎందుకండీ" అంది. వైరు మొన మీద గోరంత ప్లాస్టిక్ టోపీ, మొన గీసుకుపోకుండా కంపెనీవాళ్ళు పెట్టింది, పారదర్శకంగా ఉండేసరికి నా కంటికి ఆనలేదు. రెండు వైపులా ఉంది. ముప్పై ఏళ్ళ మెకానిక్‌ని. ఆ టోపీలు తీశాక టక్కుమని లోపలికి దిగింది, శబ్దం వచ్చింది. ఆ మాట ఆవిడ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది. కాబట్టి మీరు టోపీలు తీసి, టీవీ వైపు గుచ్చి, రెండో కొసని అరచేతి దగ్గర పెట్టి చూడండి, ఎర్రటి చుక్క పడితే టీవీ శబ్దం పంపుతున్నట్టే. కంటి దగ్గర పెట్టుకుని చూడొద్దు. చుక్క లేకపోతే టీవీలో అవుట్‌పుట్ ఆప్టికల్‌కి మార్చారో లేదో చూడు, వైరు మధ్యలో గట్టిగా మడతపడినా వెలుతురు ఆగిపోతుంది. ఆప్టికల్‌తో ఇంకో చిక్కు, టీవీ రిమోట్‌తో వాల్యూమ్ పెరగకపోవచ్చు, బార్ రిమోట్ తీసుకోవాలి.

ఇక ఒక తమాషా జబ్బు ఉంది. యూట్యూబ్ పెడితే వస్తుంది, ఏదైనా యాప్‌లో సినిమా పెడితే మాత్రం నిశ్శబ్దం. టీవీ శబ్దాన్ని డాల్బీ మూటగా కట్టి పంపుతుంటే, ఆ మూట విప్పడం రాని బార్ ఊరుకుంటుంది. డిజిటల్ సౌండ్ అవుట్ అనే చోట ఆటో, పాస్‌త్రూ అలాంటివి కాకుండా పీసీఎం పెట్టు. పీసీఎం అంటే మూట కట్టని శబ్దం, ప్రతి బార్‌కీ అర్థమవుతుంది. ముందు దీంతో శబ్దం తెప్పించుకుని, డాల్బీ సరదా తర్వాత చూసుకోండి. ఒక్క సెట్‌టాప్ బాక్స్ ఛానళ్ళకే రావట్లేదంటే బాక్స్ సొంత సెట్టింగ్స్‌లో ఆడియో దగ్గర డాల్బీ తీసి పీసీఎం అనో స్టీరియో అనో పెట్టు, బాక్స్‌నే ఎవరైనా మ్యూట్ చేశారేమో కూడా చూడు.

ఏదీ కుదరకపోతే, టీవీకి హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే అక్కణ్ణుంచి బార్ మీద ఆక్స్ అని రాసి ఉన్న రంధ్రానికి మామూలు 3.5 ఎంఎం వైరు వెయ్యి, సోర్స్ ఆక్స్‌కి మార్చు. శబ్దం కాస్త పలచగా ఉంటుంది కానీ అక్కయ్య సీరియల్‌కి చాలు.

బ్లూటూత్‌లోనూ, ఆక్స్‌లోనూ, దేంట్లోనూ కిక్కురుమనకపోతే అప్పుడు ఒప్పుకుంటాను, జబ్బు బార్‌లోనే ఉంది. అప్పుడు కూడా మూత విప్పొద్దు, సీలు పోతే వారంటీ పోతుంది. బిల్లు తీసి కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చెయ్యండి, ఆ ఐదొందలాయనకి కాదు.

ముందు ఫోన్ పరీక్ష చేసి, పాట వచ్చిందో లేదో ఒక్క ముక్క పంపు. టీవీ వెనక తీసిన ఫొటో కూడా పంపు, నేను చూసి ఏ రంధ్రమో చెబుతాను. పొద్దున ఆరింటికే లేస్తాను, మొహమాటపడకు.

మీ మామయ్య