పంప్ ట్రిప్ లెక్కకి 1డి మోడల్, సీఎఫ్‌డీ రెండూ కలిపి నడపాలా?

ఎత్తిపోతల ప్రెషర్ మెయిన్‌లో కరెంటు పోయి పంపు ఆగినప్పుడు (పంప్ ట్రిప్) వచ్చే వాటర్ హ్యామర్‌ని, అంటే ప్రవాహం హఠాత్తుగా మారడంతో పైపులో పుట్టే ఒత్తిడి తరంగాన్ని లెక్కించాలంటే, లైన్ 1డి మోడల్‌నీ (పైపు పొడవు వెంట మాత్రమే లెక్కించేది), ఆ ఒత్తిడి దెబ్బని తట్టుకోవడానికి పెట్టే సర్జ్ ట్యాంక్ 3డి సీఎఫ్‌డీనీ (ప్రవాహాన్ని కంప్యూటర్‌లో మూడు దిశల్లోనూ లెక్కించే పద్ధతి) జతచేసి ఒకేసారి నడపాలా అని అడిగారు. చాలా డిజైన్లకు అక్కర్లేదండీ. సీఎఫ్‌డీతో ముందే ట్యాంక్ దగ్గర హెడ్ నష్టాల టేబుల్ తయారుచేసి 1డిలో పెట్టుకుంటే చాలు.

లైన్ మొత్తానికీ మెథడ్ ఆఫ్ క్యారెక్టరిస్టిక్స్ (తరంగం దారి వెంటే సమీకరణాలు సాధించే 1డి పద్ధతి) వాడండి. తరంగ వేగం దగ్గరే చాలామంది తప్పుతారు. 3 మీటర్ల వ్యాసం, 18 మి.మీ. ప్లేటు ఉన్న స్టీలు పైపులో అది సెకనుకు సుమారు 880 మీటర్లు. పైపు గోడ సాగుతుంది కాబట్టి, నీటిలో ధ్వని వేగమైన సుమారు 1450 వేయకూడదు. 2 మీ./సె. ప్రవాహం ఒక్కసారిగా ఆగితే జుకోవ్‌స్కీ సూత్రం ప్రకారం దాదాపు 180 మీటర్ల హెడ్ (నీటి స్తంభం ఎత్తుగా చెప్పే ఒత్తిడి) పెరుగుతుంది. లైన్ 5 కి.మీ. ఉంటే తరంగం వెళ్లి రావడానికి 11 సెకన్లు దాటుతుంది. వాల్వు అంతకన్నా ముందే పూర్తిగా మూసుకుంటే, హఠాత్తుగా మూసినంత దెబ్బా పడుతుంది.

పంపుకి నాలుగు క్వాడ్రంట్ల కర్వులు (ప్రవాహం, తిరుగుడు ఏ దిశలో ఉన్నా పంపు తీరు చెప్పేవి) కావాలి, ఎందుకంటే ట్రిప్ తర్వాత నీళ్లు వెనక్కి తిరుగుతాయి. మోటారు కేటలాగ్‌లో జీడీ స్క్వేర్ (బరువు × వ్యాసం వర్గం) ఇస్తారు, సాఫ్ట్‌వేర్ మాత్రం జడత్వ భ్రామకం (మొమెంట్ ఆఫ్ ఇనర్షియా) అడుగుతుంది. 4తో భాగించకుండా అలాగే వేస్తే పంపు నెమ్మదిగా ఆగినట్టు కనిపిస్తుంది, ఎత్తు ప్రదేశాల్లో ఏర్పడే వాక్యూమ్ రిజల్ట్‌లో బయటపడదు. ఇది నిజంగా ప్రమాదకరం.

ఇక సీఎఫ్‌డీ. ట్యాంక్ కింది ఆరిఫిస్‌కి (ఇరుకు రంధ్రం) లోపలికి వెళ్లే ప్రవాహానికి అయిదారు రన్లు, బయటికి వచ్చేదానికి అయిదారు రన్లు చేయండి. రెండు దిశల లాస్ కోఎఫిషియెంట్లు ఒకటి కావు. రెండు సెక్షన్ల మధ్య టోటల్ హెడ్ తేడా తీసుకుని, అందులోంచి పైపు ఘర్షణ తీసేయండి. దాన్ని 1డి ఇప్పటికే లెక్కపెట్టింది, ఉంచితే రెండుసార్లు పడుతుంది. డేటమ్ (ఎత్తుని ఎక్కణ్ణుంచి కొలుస్తున్నామో ఆ మట్టం) కూడా చూసుకోండి: 1డి హెడ్ సముద్ర మట్టం నుంచి మీటర్లలో ఉంటుంది, సీఎఫ్‌డీ ఒత్తిడి చాలాసార్లు హైడ్రోస్టాటిక్ భాగం లేకుండా పాస్కల్స్‌లో వస్తుంది.

గాలి, నీళ్లు కలిసి పారే చోటయితే టేబుల్ సరిపోదు, అక్కడ రెండింటినీ జతగా నడపాల్సిందే. అప్పుడు సీఎఫ్‌డీలో నీటిని ఇన్‌కంప్రెసిబుల్‌గా (అసలు నొక్కుకోనిదిగా) వదిలేస్తే తరంగం ఆ భాగాన్ని క్షణంలో దాటేస్తుంది, 1డి, 3డి కలిసే అతుకు దగ్గర నిజంగా లేని తరంగ ప్రతిబింబం పుడుతుంది. గాలి కలవని పైపు భాగంలో ధ్వని వేగం 880 వచ్చేలా నీటికి సంపీడ్యత (నొక్కుకునే గుణం) ఇచ్చి, 1డి ప్రతి టైమ్ స్టెప్‌లోనూ క్యారెక్టరిస్టిక్ సమీకరణం ద్వారానే విలువలు మార్చుకునేలా చేయండి. అసలు మోడల్‌కి ముందు ఒక తిన్నని పైపుని సగం 1డి, సగం 3డిగా పెట్టి, చివర వాల్వు మూసి చూడండి. అతుకు దగ్గర ప్రెషర్ గ్రాఫ్‌లో చిన్న మెట్టు కనిపించినా ముందుకు వెళ్లొద్దు.