కన్వర్టర్ కలిపినా ‘నో సిగ్నల్’ ఎందుకు?

ప్రశ్న: మా పాత డీవీడీ ప్లేయర్ వెనక పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లే ఉన్నాయి. కొత్త టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టులే కనిపిస్తున్నాయి. కన్వర్టర్ కొని కలిపితే ‘నో సిగ్నల్’ అని వస్తోంది. అదే కన్వర్టర్‌ను ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐకి పెట్టినా బొమ్మ రాలేదు. ప్లేయర్ పాడైందంటారా?

జవాబు: అప్పుడే ప్లేయర్‌ను అనుమానించకండి. ముందు కన్వర్టర్ మీద ఏం రాసుందో చూడండి. ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’, ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ అని ఇవి రెండు రకాలు. ఏవీ అంటే మీ ప్లేయర్ వెనకున్న మూడు రంగుల సాకెట్లే. చూడటానికి కవలల్లా ఉంటాయి. ‘టు’కు ముందున్నది లోపలికి వచ్చే సిగ్నల్, తర్వాతది బయటికి వెళ్లేది. మీకు కావాల్సింది మొదటి రకం. రెండోది తెచ్చుకుని ఉంటే, తిప్పి కలిపినా పనిచేయదు. సరైనదే అయితే దాని యూఎస్‌బీ వైరుకు కరెంటు అందుతోందా చూడండి.

చాలామంది తికమకపడేది ఇక్కడే: ఇన్, అవుట్ అనేవి ఆ పరికరం వైపు నుంచి చెప్పే మాటలు. ప్లేయర్ బొమ్మను ఇస్తుంది కాబట్టి దానికి ‘అవుట్’, టీవీ తీసుకుంటుంది కాబట్టి దానికి ‘ఇన్’. మధ్యలో ఉన్న కన్వర్టర్‌కు రెండూ ఉంటాయి. ప్లేయర్ అవుట్ నుంచి కన్వర్టర్ ఇన్‌కు, కన్వర్టర్ అవుట్ నుంచి టీవీ ఇన్‌కు కలపాలి. పసుపు వైరు బొమ్మకు, తెలుపు ఎడమ స్పీకరు శబ్దానికి, ఎరుపు కుడి స్పీకరుకు. మాట వినిపించి బొమ్మ రాకపోతే పసుపు వైరును సరిచూడండి.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు అవుట్‌పుట్ మాత్రమే. ఇచ్చేవాళ్లిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడితే తీసుకునేదెవరు? ల్యాప్‌టాప్ తెర మీదే చూడాలంటే, బయటి బొమ్మను యూఎస్‌బీ ద్వారా లోపలికి తీసుకునే వీడియో క్యాప్చర్ పరికరం కావాలి.

సౌండ్‌బార్ కూడా ఉంటే, టీవీలో ‘ఏఆర్‌సీ’ అని రాసున్న పోర్టుకే కలపండి. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఈ సదుపాయం వల్ల, టీవీ శబ్దం అదే కేబుల్‌లో వెనక్కి సౌండ్‌బార్‌కు వెళ్తుంది. బొమ్మ మాత్రం వెనక్కి వెళ్లదు.

కన్వర్టర్ మీద 1080పీ అని ఉన్నా డీవీడీ బొమ్మ హెచ్‌డీ అయిపోదు, సైజు పెరుగుతుందంతే.

కొత్త కన్వర్టర్ కొనేముందు టీవీ వెనక మరోసారి తడిమి చూడండి. కొన్ని మోడళ్లలో ‘ఏవీ ఇన్’ అనేది ఇయర్‌ఫోన్ రంధ్రంలా చిన్నగా ఉంటుంది. అది ఉంటే టీవీతోపాటు వచ్చిన అడాప్టర్ వైరు చాలు, రిమోట్‌లో సోర్స్ నొక్కి ‘ఏవీ’ ఎంచుకోండి.