పట్నం పోయొస్తే 8,600: ఎక్కడ తగ్గించుకోవచ్చు?

ప్రశ్న: మాది నల్గొండ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మా ఆయన రైస్‌మిల్లులో అకౌంటెంట్. ఇద్దరికీ కలిపి నెలకు 62,000 వస్తాయి. అత్తమ్మ, ఇద్దరు పిల్లలు (పాపకు 11, బాబుకు 7) మాతోనే ఉంటారు. నెలకో ఆదివారం కారులో పట్నం పోయి సినిమా చూసి, పిల్లలను మాల్‌లో ఆడించి, రాత్రికి బిర్యానీ తిని వస్తాం. పోయిన నెల బిల్లులు కలిపి చూస్తే పెట్రోలు, టోలు 1,800; మల్టీప్లెక్స్‌లో ఐదు టికెట్లు 1,640; లోపల పాప్‌కార్న్, కూల్‌డ్రింకులు 1,180; గేమ్ జోన్ 1,500; రాత్రి భోజనం 2,280; పార్కింగ్, నీళ్ల బాటిళ్లు 200. మొత్తం 8,600. అన్నీ క్రెడిట్ కార్డు మీదే పెడుతున్నాం. కార్డు బాకీ ఇప్పుడు 38,000 ఉంది, నెలనెలా మినిమమ్ డ్యూ కడుతున్నాం. ట్రిప్పు మానేద్దామంటే పిల్లలు ఊరుకోరు, నిజానికి నాకూ మనసొప్పదు. తక్కువలో తిని, తిరిగొచ్చే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ఉందమ్మా. ట్రిప్పు మానేయమని నేనూ చెప్పను. వారమంతా బడి, మిల్లు, ఇల్లు అని తిరిగే మనుషులకు నెలకొక్క రోజు కావాలి. కాకపోతే ముందు ఆ కార్డు సంగతి తేల్చాలి. అది అలాగే ఉంటే పట్నంలో ఎంత పొదుపుగా తిన్నా లాభం లేదు.

చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం దగ్గర ఉంటుంది. మీ స్టేట్‌మెంట్ వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒకసారి చూడండి. 38,000 మీద మూడున్నర శాతమంటే 1,330. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 239. అంటే నెలకు 1,569 వడ్డీకే పోతోంది. మినిమమ్ డ్యూ, అంటే ఆ నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం, బాకీలో ఐదు శాతం అనుకుంటే 1,900. మీరు కట్టే ఆ 1,900లో అసలుకు జమయ్యేది 331 మాత్రమే. పైగా పాత బాకీ మిగిలి ఉన్నంత కాలం కొత్త ఖర్చుకు ‘45 రోజుల వడ్డీ లేని గడువు’ వర్తించదు. కార్డు గీకిన రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. మీరు పోయిన నెల తిన్న బిర్యానీకి ఇప్పటికీ వడ్డీ పడుతూనే ఉంది.

ఇంట్లో కాస్త బంగారం ఉంటే ప్రభుత్వ బ్యాంకులో 38,000కు గోల్డ్ లోన్ తీసుకుని కార్డు బాకీ ఒక్క దెబ్బకు కట్టేయండి. వడ్డీ ఏడాదికి పది శాతం అటూఇటుగా ఉంటుంది. కార్డు మీద పడేది ఏడాదికి 42 శాతం, జీఎస్టీ అదనం. ట్రిప్పు ఖర్చు 8,600 నుంచి 4,600కు దించితే (ఎలాగో కింద చెప్తాను) 4,000 మిగులుతుంది. దానికి ఇప్పుడు కడుతున్న మినిమమ్ 1,900 కలిపి నెలకు 5,900 కట్టుకుంటూ పోతే ఏడో నెలలో లోను తీరిపోతుంది, మొత్తం వడ్డీ 1,230 లోపే. ఇదే 5,900 కార్డుకే కడితే ఎనిమిదో నెల దాకా సాగుతుంది, వడ్డీ 7,100 దాటుతుంది. బంగారం తాకట్టు పెట్టడమా అని అత్తమ్మ అంటే ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించండి. లోను తీసుకునేటప్పుడు ‘నెలనెలా కొంత కొంత కట్టొచ్చా’ అని అడిగి మరీ సంతకం పెట్టండి. ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతిలో తీసుకుంటే నెలనెలా పక్కన పెట్టాల్సిన పైసలు వేరే దేనికో ఖర్చయిపోతాయి.

ఇక మీ బిల్లులు. నాకు అన్నిటికంటే కొట్టొచ్చినట్టు కనిపించింది పాప్‌కార్న్, గేమ్ జోన్. రెండూ కలిపి 2,680, అంటే రాత్రి భోజనం కంటే ఎక్కువ. భోజనం చేయకుండా మధ్యాహ్నం ఆటకు కూర్చోబెడితే పిల్లలు ఇంటర్వెల్‌లో ఆకలి అంటారు, అక్కడ ఏది కొన్నా వందల్లోనే. బయటి తిండి వద్దనే హక్కు థియేటర్‌కు ఉందని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. అదే తీర్పులో ప్రేక్షకులకు శుభ్రమైన తాగునీరు ఉచితంగా ఇవ్వాలని కూడా ఉంది. కాబట్టి లోపల నీళ్ల బాటిల్ కొనక్కర్లేదు, నీళ్లు ఎక్కడ పెట్టారో అడగండి.

గేమ్ జోన్ కార్డుది ఇంకో తిరకాసు. ‘వెయ్యి వేస్తే పదిహేను వందల ఆట’ అంటారు. చివర్లో మిగిలే వంద, నూటయాభై చాలాచోట్ల వెనక్కి రావు. ఆ కార్డు పర్సులో ఉంటే పిల్లలకు మళ్లీ రావడానికి అదొక సాకు. గేమ్ జోన్, సినిమా ఒకే రోజు పెట్టుకోవద్దు. ఇద్దరికీ చెరో 200 చేతికివ్వండి, దేనికి పెట్టాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. 11 ఏళ్ల పాపకు అంతకంటే మంచి లెక్కల పాఠం ఉండదు.

టికెట్ల సంగతి. 2021 డిసెంబర్ జీవో ప్రకారం మన రాష్ట్రంలో మల్టీప్లెక్స్ మామూలు సీటుకు గరిష్ఠ ధర 250, ఏసీ సింగిల్ స్క్రీన్‌కు 150, రెండిటికీ జీఎస్టీ అదనం. వంద దాటిన టికెట్‌కు జీఎస్టీ 18 శాతం. మీ లెక్క అక్కడే తేలిపోయింది: 295 చొప్పున ఐదు 1,475, మిగతా 165 ఆన్‌లైన్ బుకింగ్ ఫీజు. సింగిల్ స్క్రీన్‌లో 177 చొప్పున 885, కౌంటర్‌లో కొంటే ఫీజు కూడా ఉండదు. పెద్ద హీరో సినిమాకు మొదటి రోజుల్లో ప్రభుత్వ అనుమతితో రేట్లు పెంచుతుంటారు. రెండో వారం దాటాక పోతే ఆ పెంపు చాలావరకు తప్పుతుంది, కౌంటర్‌లో సీట్లూ దొరుకుతాయి.

కారు కూడా పక్కన పెట్టమంటాను. మీ ఇంట్లో ఐదుగురిలో మీకు, అత్తమ్మకు, పాపకు, ఆడవాళ్లకిచ్చే మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మీ ఆయనకు ఫుల్లు, బాబుకు హాఫ్, అంతే. రానూపోనూ కలిపి 600 పక్కన పెట్టుకుంటే సరిపోవాలి. ఆధార్ ఒరిజినల్ తీసుకెళ్లండి. అందులో తెలంగాణ అడ్రసు ఉండాలి. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే ఈ పథకం చెల్లదు, తొందర్లో చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఎల్బీనగర్‌లో నిలబడితే ఆదివారం సీటు దొరకదు. బస్సు బయల్దేరే ఎంజీబీఎస్ బస్టాండు నుంచే ఎక్కండి. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులుంటే ఇది ఇంకా ముఖ్యం.

కారే తప్పదనుకునే నెల ఉంటే, టోలు కోసం ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ (2025లో వచ్చినప్పుడు ధర 3,000) మాత్రం కొనకండి. 200 ట్రిప్పులని చూడ్డానికి బాగుంటుంది. నెలకోసారి పోయే మీరు పంతంగి టోలు దాటేది ఏడాదికి 24 సార్లు, అంటే 3,000 లెక్కన దాటిన ప్రతిసారీ 125 పడ్డట్టు. మీ ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో దాటినప్పుడల్లా ఎంత కట్ అయిందో చూడండి, అంతకంటే తక్కువుంటే పాస్ దండగ. 24 గంటల్లో వెనక్కొస్తే తిరుగు టోలు తగ్గుతుంది కూడా.

రోజు ఎలా గడపాలో కూడా చెప్తాను, ఖర్చు తగ్గేది అక్కడే. పొద్దున ఏడింటికి నల్గొండలో ఎక్కితే పదింటికల్లా ఎంజీబీఎస్. బస్టాండు పక్కనే మెట్రో. గ్రీన్ లైన్‌లో సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి దాటితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్లన్నీ అక్కడే. పదకొండింటి ఆట చూసి రెండింటికి బయటికొస్తే, క్రాస్‌రోడ్స్‌లోనే బావర్చి హోటల్. ఆదివారం ఒంటిగంటకు అక్కడ నిలబడే చోటు కూడా ఉండదు, రెండున్నర దాటాక కాస్త పలుచబడుతుంది. ఇంట్లో టిఫిన్ గట్టిగా తిని, సంచిలో నాలుగు చపాతీలు, అరటిపళ్లు వేసుకుని వస్తే బస్సులోనే ఆకలి తీరుతుంది, ఆటలో పాప్‌కార్న్ గోల తగ్గుతుంది.

ఆర్డర్ దగ్గర ఐదుగురికి ఐదు బిర్యానీలు అనొద్దు. రెండు సింగిల్ చికెన్ బిర్యానీ, పైన ఒక ఎక్స్‌ట్రా రైస్ చెప్పండి. స్టార్టర్ ముందు తెప్పించుకోవద్దు. బిర్యానీ తిన్నాక ఇంకా కావాలనిపిస్తే చెప్పండి, సాధారణంగా అనిపించదు. సీసా నీళ్లు అడగకుండానే బల్ల మీద పెడతారు, మామూలు నీళ్లు ఇవ్వమనండి. బిల్లులో జీఎస్టీ ఐదు శాతమే ఉండాలి, ఏసీ గదిలో కూర్చున్నా అంతే. గది అద్దె 7,500 దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లకే 18 శాతం. ‘సర్వీస్ చార్జీ’ అని ఐదో, పదో శాతం కలిపితే తీసేయమని అడగండి. అది తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. వాదన పెరిగితే 1915కు ఫోన్ చేయొచ్చు. ఆ నంబర్ పేరెత్తితే చాలు, చాలాసార్లు బిల్లు మారి వస్తుంది.

తిన్నాక మొజంజాహీ మార్కెట్ దగ్గర ఫ్రూట్ ఐస్‌క్రీమ్, లేదంటే కోఠిలో గోకుల్ చాట్, పెద్దలకు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఆరున్నరకు బస్సు ఎక్కితే తొమ్మిదిన్నరకు ఇల్లు. ఇంకా ఆలస్యమైతే బస్సు దొరక్క క్యాబ్ మాట్లాడుకోవాల్సి వస్తుంది, ఆ ఒక్క ఖర్చే రోజంతా మిగిల్చింది తినేస్తుంది.

లెక్క ఇలా పడుతుంది: బస్సు 600, మెట్రో, ఆటోలు 500, సినిమా 885, భోజనం 1,300, చాయ్, ఐస్‌క్రీమ్, చాట్ 450, పిల్లల చేతిఖర్చు 400. మొత్తం 4,135. 4,600లో మిగతా 465 అనుకోని ఖర్చుకు. వాడకపోతే అది వచ్చే నెలకు పోవాలి, ఇంటి ఖర్చులో కలిసిపోకూడదు.

ప్రతి నెలా సినిమా అక్కర్లేదు కూడా. ఒక నెల సాలార్‌జంగ్ మ్యూజియం పెట్టుకోండి, శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు కొట్టకముందే సంగీత గడియారం ముందు చోటు చూసుకుని కూర్చోవాలి. అక్కడి నుంచి మదీనా దగ్గర షాదాబ్‌లో భోజనం, చార్మినార్. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి నుమాయిష్ (ఎగ్జిబిషన్), కానీ అక్కడ తిరిగే ఆటల కంటే దుప్పట్లు, చెప్పులే ఎక్కువ ఖర్చు పెట్టిస్తాయి. ఇంట్లోంచే జాబితా రాసుకుని వెళ్లండి. ఇంకో నెల పట్నమే వద్దు, నాగార్జునసాగర్ వెళ్లి డ్యామ్, 2022లో తెరిచిన బుద్ధవనం చూడండి. ఖర్చు ఇందులో సగం ఉండదు.

రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా లాంటివి 4,600లో పట్టవు. వాటికి లోను తీరాక నెలకు వెయ్యి రికరింగ్ డిపాజిట్ వేసి ఏడాదికొకటి చూడండి. రామోజీకి ఊళ్లోకి పోనక్కర్లేదు, విజయవాడ రోడ్డు మీదే దిగిపోవచ్చు.

పైసలు ఎలా పెట్టుకోవాలంటే: ఇద్దరిలో ఒకరికి వాడని సేవింగ్స్ ఖాతా ఉంటే, జీతం పడ్డ రోజే 4,600 అందులోకి మార్చి, ఆ ఖాతాను మాత్రమే ట్రిప్పు రోజు ఫోన్‌లో యూపీఐకి వాడండి. రూపే క్రెడిట్ కార్డు యూపీఐకి లింకై ఉంటే తీసేయండి. స్కాన్ చేసేటప్పుడు ఏ ఖాతా నుంచి పోతోందో తొందరలో ఎవరూ చూడరు. ‘ఈ కార్డుతో తింటే 20 శాతం తగ్గింపు’ అనే ఆఫర్లు లోను తీరేదాకా మీకు కావు.

చివరగా ఒక జాగ్రత్త. 38,000 కట్టేసిన తర్వాత వచ్చే స్టేట్‌మెంట్‌లో మళ్లీ ఏదో కొంత బాకీ కనిపించొచ్చు. బ్యాంకు తప్పేమీ కాదు, బిల్లు తేదీకి, మీరు కట్టిన తేదీకి మధ్య రోజుల వడ్డీ అది. కట్టే ముందు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ‘ఈ రోజు పూర్తిగా తీరాలంటే ఎంత’ అని అడిగి ఆ మొత్తమే కట్టండి. తర్వాతి నెలలోనూ స్టేట్‌మెంట్ తెరిచి సున్నా ఉందో లేదో చూడండి. ఆ చిన్న మొత్తం వదిలేస్తే లేట్ ఫీజు పడుతుంది, సిబిల్ స్కోరు మీద కూడా మచ్చ పడుతుంది.