మామిడి కింద చిల్లుల పుట్టగొడుగులు: చెట్టుకు ప్రమాదమా?

ప్రశ్న: వారం రోజులుగా ముసురు. మా తోటలో రెండు ముసలి మామిడి చెట్ల కింద పళ్లెమంత పుట్టగొడుగులు లేచాయి. గోధుమ రంగు, కాడ మణికట్టంత లావు. అడుగున రేకులు లేవు, స్పాంజిలా సన్నటి చిల్లులున్నాయి. కోస్తే లోపల పసుపు, కాసేపటికి నీలం తిరుగుతోంది. చెట్లు చస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది సార్. మందేదైనా పోయాలా? ఇంట్లోవాళ్లు కూర వండుదామంటున్నారు, తినొచ్చా?
– ఒక రైతు, ఉలవపాడు

జవాబు: మందు పోయకండి, డబ్బు దండగ. రేకుల బదులు చిల్లులుండి, మెత్తగా, నేలలోంచి కాడతో లేచేవాటిని బోలీట్లు అంటారు. మీరు చెప్పిన గుర్తులు వాటిలో ఫ్లెబోపస్ జాతికి దగ్గరగా ఉన్నాయి. కొబ్బరిని చంపే గానోడెర్మాకూ అడుగున చిల్లులే ఉంటాయి గానీ, అది మొదలుకు అతుక్కుని చెక్కలా గట్టిగా ఉంటుంది. మీది అది కాదు.

ఒక్కటి మాత్రం చూడండి. ఫ్లెబోపస్‌కు వేళ్ల మీద రసం పీల్చే పిండినల్లి పురుగుతో పొత్తు ఉంటుంది. పుట్టగొడుగు లేచిన చోట జానెడు లోతు మట్టి చేత్తో తీయండి. సన్న వేళ్లకు చిన్న గుల్లలు కనిపిస్తే ఒకటి చిదమండి. లోపల తెల్లటి పిండినల్లులుంటే, ఆ చెట్టు చిగురు కూడా నీరసంగా ఉంటే, అప్పుడు పిండినల్లి సంగతి చూడాలి. చెట్టు పచ్చగా ఉంటే మట్టి కప్పేసి వదిలేయండి.

ఇక కూర. ఫ్లెబోపస్‌లో ఒక రకాన్ని ఉత్తర థాయిలాండ్‌లో, చైనాలోని యునాన్‌లో ఇష్టంగా తింటారు, సాగు కూడా చేస్తున్నారు. అలాగని మీ తోటలోది అదేనని ఉత్తరం చదివి నేను చెప్పలేను. నీలం తిరగడం విషానికి గుర్తూ కాదు, మంచికి గుర్తూ కాదు. వెండి చెంచా నల్లబడలేదనో, పురుగు తిన్నదనో నమ్మొద్దు. కొన్ని విషాలు ఉడికించినా పోవు. ప్రాణం తీసే రకాల్లో వాంతులు, విరేచనాలు ఆరు గంటలు దాటాకే మొదలవుతాయి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. ఎవరైనా ఇప్పటికే తిని ఉంటే, బాగానే ఉన్నా సరే, మిగిలిన ముక్క తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పేరు తేల్చుకోవాలంటే లేతదొకటి, ముదురుదొకటి మొదలు తెగకుండా తవ్వి తీయండి. ముదురు టోపీని రాత్రంతా తెల్ల కాగితం మీద బోర్లించి గిన్నె మూయండి. తెల్లారేసరికి రాలిన పొడి రంగు మాకు చాలా చెబుతుంది. కాగితంతో సహా దర్శి లేదా నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. పుట్టగొడుగులను మాత్రం పాత న్యూస్‌పేపర్‌లో చుట్టండి. పాలిథిన్ కవర్లో పెడితే దారిలోనే చెమటపట్టి కుళ్లిపోతాయి, అప్పుడు ఎవరూ పోల్చలేరు.