వెడల్పు మెడ గౌన్ భుజం మీద నిలవాలంటే

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

అక్క రిసెప్షన్ గౌన్ నువ్వే కుడుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. నువ్వు పంపిన ఫోటో చూశాను. ముందు బోట్ నెక్ (భుజం నుంచి భుజానికి వెడల్పుగా ఉండే మెడ), వెనక లోతు మెడ, మోచేతి నుంచి విచ్చుకునే చేతులు, కింద బరువైన ఘేరా (నడుము కింద విచ్చుకునే భాగం). అందంగానే ఉంది కానీ ముందు వెడల్పు, వెనక లోతు రెండూ కలిస్తే భుజం జారుతుంది. అక్క పూర్తి భుజం 14 అంగుళాలు అనుకో. మెడ వెడల్పు 10 పెడితే ఒక్కో వైపు మిగిలేది 2 అంగుళాలే. అప్పుడు గౌన్‌ని పట్టి ఉంచాల్సింది వెనక భాగమే. వెనక మెడ పైకే ఉంచు. లోతు కావాల్సిందేనని అక్క పట్టుబడితే ఆ ఖాళీని ఒంటి రంగు నెట్‌తో మూసెయ్, లేదా పైన డోరీ (కట్టుకునే తాడు) పెట్టు.

అసలు గుడ్డ ముట్టుకోకముందే పాప్లిన్‌తో బాడీ (నడుము పై భాగం) ఒక్కటి కుట్టి అక్కకి వేసి చూడు. మెడని అరంగుళం చిన్నగానే కత్తిరించు, తర్వాత పెంచుకోవచ్చు. ముందు మెడ ఒంటికి అంటకుండా లేచి ఉంటే, లేచిన చోట గుడ్డని చిటికెడు మడిచి పిన్ను పెట్టు. ఆ మడతని పేపర్ కటింగ్ మీద మెడ నుంచి చెస్ట్ పాయింట్ దాకా గీసి మూసెయ్. పేపర్ ఉబ్బుతుంది, కంగారు పడకు. సైడ్ డాట్ (పక్క కుట్టు నుంచి చెస్ట్ వైపు కోసుగా వేసే మడత కుట్టు) గీత మీద కత్తిరిస్తే మళ్ళీ చదునుగా పరుచుకుంటుంది. అక్కడ తెరుచుకున్న ఖాళీ డాట్‌లో కలిసిపోతుంది. మెడ బిగుస్తుంది, చెస్ట్ దగ్గర లూజు మాత్రం తగ్గదు. ఈ ఒక్క పని ఓపిగ్గా చెయ్యి తల్లీ, సగం టెన్షన్ పోతుంది.

మెడ వంపు క్రాస్‌లో, అంటే గుడ్డ నేతకి ఏటవాలుగా పడుతుంది కాబట్టి చేత్తో పట్టుకున్నా సాగుతుంది. అసలు గుడ్డ కత్తిరించగానే మార్జిన్ లోపలే ఒక మిషన్ కుట్టు వేసెయ్. రెండు భుజాల నుంచీ విడివిడిగా మధ్యకి కుట్టుకురా.

చెయ్యి లేవట్లేదని చాలామంది చంక కిందికి దింపుతారు. దింపితే చెయ్యి ఎత్తినప్పుడల్లా గౌన్ మొత్తం పైకి లేస్తుంది. చంకని ఒంటికి దగ్గరగానే ఉంచి, చెయ్యి పై వంపు ఎత్తు కాస్త తగ్గించి, వెడల్పు పెంచు. చేతుల అంచున మగ్గం వర్క్ వద్దు. ఆ బరువు భుజాన్ని బయటికి లాగేస్తుంది. వర్క్ నడుముకి వేయించి, చేతులు ఒకే పొర ఆర్గాంజాతో కుట్టు.

ఘేరా బరువు భుజాల మీద పడకూడదు. నడుము కుట్టు లోపల అంగుళం వెడల్పు గట్టి రిబ్బన్‌ని అక్క నడుముకి సరిగ్గా బిగువుగా కొలిచి, డాట్ల దగ్గర, సైడ్ కుట్ల దగ్గర చేత్తో కుట్టు. జిప్ పక్కన కొంచెం వదిలెయ్. కొసలకి హుక్ పెట్టు. వేసుకునేటప్పుడు ముందు హుక్, తర్వాతే జిప్. భుజాల లోపల బ్రా పట్టీని పట్టుకునే చిన్న పట్టీ, టిచ్ బటన్ కూడా పెట్టు.

ఆఖరి ట్రయల్‌ ఆ రోజు వేసుకోబోయే లోదుస్తులు, హీల్స్‌తోనే వేయించు. దండ వేసినట్టు చేతులెత్తమను, పెద్దల కాళ్ళకి దణ్ణం పెట్టినట్టు వంగమను. వంగినప్పుడు మెడ తెరుచుకుంటే ఇంకా పని ఉన్నట్టే. ముందు, వెనక, పక్క నుంచి ఫోటోలు తీసి పంపు, ఎక్కడ పట్టాలో చెబుతాను.

మీ పెద్దమ్మ